చిత్రిక మొరాయించింది

ఫార్మింగ్టన్ హిల్స్

పాపయ్య బావకి నమస్కారాలు.

మొన్న మా ఇంటికొచ్చి ఆవకాయ జాడీలో రబ్బరు బల్లిని వదిలి వెళ్ళావుగా, మీ చెల్లెలు నిన్ను మా రెండు ఫోన్లలోనూ బ్లాక్ చేసింది. అందుకే ఉత్తరం.

తెలిసినవాళ్ళ పెళ్ళికి వాల్‌నట్ చెక్కతో పీటలు చేస్తున్నాను. చెక్కని నున్నగా చేసే చిత్రిక నువ్వు రాకముందు చక్కగా నడిచింది, ఇప్పుడు జారుతోందే గానీ ఒక్క పొర లేవట్లేదు. ఏం చెయ్యను?

నీ బావ
కృష్ణమోహన్

ఆష్‌బర్న్

కార్లు డిజైన్ చేసే కృష్ణమోహన్ బావకి,

చిత్రిక దగ్గర చతికిలపడ్డావా? బ్లేడు కాస్త దించు. తెగకపోతే ఇంకాస్త దించు. ఇదేమన్నా రాకెట్టా?

ఇట్లు, పాపయ్య

తా.క. బల్లి కొత్తదే. అయినా ఆవకాయ ముందు నువ్వు తిని చూడు.

ఫార్మింగ్టన్ హిల్స్

బావా,

దించాను. తెగలేదు. ఇంకా దించి గట్టిగా తోశాను. అడుగున ఏదో ఊడింది, బ్లేడు ఒక్కసారిగా దిగబడి చెక్కని దున్నేసింది. చూస్తే పొరల్లో బొట్టుబిళ్ళ! మీ చెల్లెలి పనేనని నోరు జారాను. ఇంట్లో మాటల్లేవు, వంట లేదు. సూట్‌కేసు కిందికి దించింది.

దిక్కుతోచని
కృష్ణమోహన్

తా.క. ఇక దాచి లాభం లేదు. ఆ పీటలు మన ప్రణవి పెళ్ళికే. నీ కూతురికి సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను.

ఆష్‌బర్న్

బావా,

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. బిళ్ళ అంటించింది నేనే. చిత్రిక అడుగు చెక్కమీద సాంతం ఆనితేనే బ్లేడు మిట్టల్ని పల్చగా తీస్తుంది, పల్లాల జోలికి పోదు. బ్లేడు బయటికి ఉండేదే వెంట్రుకవాసి. దాని ముందు బిళ్ళ అంటిస్తే అడుగు పైకి లేస్తుంది, బ్లేడుకి చెక్క అందదు. నువ్వు తల గోక్కుంటే నవ్వుకుందామనుకున్నాను, అంతే. బ్లేడు దించమన్నది అంతకన్నా వెధవపని. నా కూతురి పీట నేనే పాడుచేసుకున్నాను. చెల్లెలిని వెళ్ళనివ్వకు. వచ్చి కాళ్ళు పట్టుకుంటాను.

సిగ్గుతో
పాపయ్య

తా.క. ఇది మా ఛాయాదేవికి తెలియనివ్వకు. బిళ్ళ ఆవిడది, అడక్కుండా తీశాను.

ఫార్మింగ్టన్ హిల్స్

బావా,

అడుగు తుడిచి, బ్లేడు పైకి లాగి మళ్ళీ పట్టాను. మిగతా పీటలు అద్దంలా వచ్చాయి. ఆ ఒక్కదానికే గాటు. అంత లోతు చదును చేస్తే పీట అప్పడమైపోతుంది.

నీ కృష్ణమోహన్

తా.క. అన్నయ్యా, నేను జయంతిని. అంత పెద్ద మెరూన్ బిళ్ళ వదిన తప్ప ఎవరు పెట్టుకుంటారు? చూడగానే తెలిసింది. సూట్‌కేసు సంగతి నేనే చెప్పి రాయించాను, నువ్వు ఒప్పుకుంటావో లేదోనని. నీ ఉత్తరం ఫొటో తీసి వదినకి పంపాను. ప్రణవికి తెలుగు చదవడం రాదుగా, వదినే స్పీకర్‌లో చదివి వినిపించింది. లైన్లో పెళ్ళికొడుకు వాళ్ళు కూడా ఉన్నారు. గాటు పీట పారెయ్యొద్దని ప్రణవి మరీ మరీ చెప్పింది. కన్యాదానానికి నాన్న కూర్చునేది దానిమీదేనట. కుదురుగా కూర్చో, కదిలావంటే గుచ్చుకుంటుంది.