పావురం రాని పెట్టె

రూతు నాయనా, వందనాలు.

నువ్వు పోయి ఏడు నెలలు దాటింది. నేనూ, మన బిడ్డ రూతూ బాగానే ఉన్నాం. తెల్ల పావురాలు రెండూ బాగున్నాయి. కుందేలు మాత్రం నీ చెప్పుల వార్లు కొరికేసింది. తిట్టబోయి ఏడ్చాను...

నీ మేజిక్ సామాను ఎవరికీ ఇవ్వలేదు. సంఘ పెద్ద ఇంటికొచ్చాడు. కడపలో ఎవరో కుర్రాడు నీలాగే మేజిక్‌తో సువార్త చెప్పడం నేర్చుకుంటున్నాడట, పక్షులతో సహా అతనికి ఇచ్చేయమన్నాడు. ఆడమనిషి స్టేజీ ఎక్కితే జనం ఏమనుకుంటారోనని ఆయన బాధ. ఇన్నేళ్ళు నీ పక్కన గుడ్డ పట్టుకొని నిలబడింది ఎవరట? పావురాల గూడు కడిగింది ఎవరు? నాకు ఒళ్ళు మండింది. నందికొట్కూరు చర్చిలో పిల్లల కూటానికి నువ్వు ఒప్పుకొన్న ప్రోగ్రాం నేనే చేస్తానని ముఖం మీదే చెప్పేశాను.

ఎండలు నీకు తెలియనివా... పంజరం మీద తడి గోనె కప్పి బస్సెక్కాను. కండక్టరు కుందేలుకు టికెట్టు అడుగుతాడేమోనని బుట్ట ఒళ్ళో పెట్టుకొని కొంగు కప్పాను. నువ్వుంటే నవ్వేవాడివి.

చర్చి నిండిపోయింది. సంఘ పెద్ద కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నువ్వు చెప్పే మాటతోనే మొదలుపెట్టాను. "ఇది చేతివాటమే, మాయ కాదు. మహిమంతా దేవునిదే." పావురం తీసే ముందు ఫ్యాన్లు ఆపించాను. ఉక్కకు జనం గొణిగారు. ఆపకుంటే పక్షి రెక్కలు ఏమవుతాయో వాళ్ళకేం తెలుసు?

ఆఖరున సమాధి పెట్టె. రాయి రంగు వేసి నువ్వే చేసుకున్నది. ముందు ఖాళీ చూపించి మూయాలి. లోపలి దొంగ అర మీద గోటితో తట్టాలి. మళ్ళీ తెరిస్తే పావురం లేచి రావాలి, యేసయ్య లేచినట్టు. ఇంట్లో ఎన్నిసార్లు చేసినా వచ్చింది. అక్కడ తట్టాను... తెరిచాను... రాలేదు. పిల్లల కేకలకు బెదిరిందా? అది నీ గోరు కాదని తెలిసిపోయిందా?

సంఘ పెద్ద తల దించుకున్నాడు. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. "పక్షి మాట ఇనకపోతే దాన్ని అదిలించగాకు. మనం చెప్పాల్సింది కథ. అది చెప్పల్ల."

పెట్టెను జనం వైపు తిప్పాను. చూడండి, ఖాళీగానే ఉంది అన్నాను. ఆ ఆదివారం పొద్దున్నే యేసయ్య సమాధికి పోయిన ఆడవాళ్ళు కూడా ఇట్లాగే ఖాళీ చూసి వణికిపోయారు, ఆయన లేచాడని మొదట చెప్పింది కూడా ఆ ఆడవాళ్ళే అన్నాను. వెనక నుంచి ఒక ముసలామె హల్లెలూయా అంది. ఆమె వెనకే చర్చి అంతా అంది.

పావురం ఏమైందంటావా? సామాను సర్దుతుంటే తీరిగ్గా బయటికొచ్చి నా భుజమెక్కింది. దాన్ని ఏమనాలి చెప్పు? సంఘ పెద్ద నా దగ్గరికొచ్చి, రాయచోటి కూటానికి పోతావా అమ్మా అని అడిగాడు. పోతానన్నాను.

ఇంకొక్క సంగతి. నిన్ను సమాధి చేసిన రోజు తర్వాత నేను నీ దగ్గరికి రాలేదు. రూతే పోయి నీ సమాధికి సున్నం కొట్టించి వచ్చింది. నాకు కాళ్ళు రాలేదు. అంతమంది ముందు ఆ ఆడవాళ్ళ సంగతి చెప్పి, నేను ఇంట్లో కూర్చుంటే ఎట్లా?

ఈ ఆదివారం పొద్దున్నే వస్తాను. ఏడవనని మాత్రం మాటివ్వలేను... వస్తాను.

నీ మార్తమ్మ