మూడో అంతస్తు, కుడి చెవి

జూన్ 4, మంగళవారం

అక్కతో పోట్లాడలేదు. ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, అందుకే ఇక్కడ రాస్తున్నాను. వేరే ఇల్లు చూసుకుంటానని నిన్న భోజనాల దగ్గర అన్నాను, అంతే. బావ తినడం ఆపేశాడు. అక్క మొహం కందగడ్డయింది. ఏమన్నామే నిన్ను, అంది. ఏమీ అనలేదన్నాను. అనకపోతే ఎందుకు పోతానంటున్నావు, అంది.

పొద్దున్నే అమ్మ ఫోన్. చిన్నదానివి, పెద్దది ఒక మాటంటే పడితే ఏం పోయిందే, అని. ఆ మాటేదో చెబితే పడేదాన్నే. తర్వాత నాన్న అందుకున్నాడు. నీకు చిన్నప్పటి నుంచీ ఇంతే, ఎవరి మాటా వినవు, అన్నాడు.

నేను ఇ.ఎన్.టి. ఆసుపత్రిలో రోజుకు పదహారు మంది చెవులు టెస్ట్ చేస్తాను. వినకపోవడమంటే ఏమిటో మా ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అక్కా బావా మంచివాళ్ళు. కానీ రెండేళ్ళుగా వాళ్ళ హాల్లో సోఫా మీద పడుకుంటున్నాను. హాలుకు తలుపుండదు. నాకు కావలసింది తలుపు.

జూన్ 8, శనివారం

ఇవాళ్టికి తొమ్మిది ఇళ్ళు. ఈ ఊళ్ళో దేన్నయినా గది అంటారు. ఒకచోట బాల్కనీకి అద్దాలు బిగించి గదన్నారు. ఇంకోచోట స్నానాలగదిలోంచి వంటింట్లోకి వెళ్ళాలి.

పదోది కొత్త బిల్డింగ్. ఇంకా పేరు కూడా పెట్టలేదు. లిఫ్టు లోపలి గోడలకు చెక్కలు కొట్టి ఉన్నాయి. తలుపుల మీద నంబర్లు సుద్దతో రాశారు. మూడో అంతస్తులో చిన్న హాలు, ఒక గది, వంటిల్లు, ఒక్క మనిషి నిలబడేంత బాల్కనీ. పంపు తిప్పితే ముందు దగ్గి, తర్వాత నీళ్ళిచ్చింది.

గదిలో నిలబడి చప్పట్లు కొట్టాను, ఎకో ఎంతుందో తెలుసుకుందామని. సంతోషం పట్టలేక కొడుతున్నాననుకున్నాడు బ్రోకరు. ఫస్ట్ ఎంట్రీ మీదే మేడమ్, ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ దగ్గనైనా దగ్గలేదు, అన్నాడు. పంపు తప్ప.

గది తలుపు వేసి చూశాను. తీసి, మళ్ళీ వేశాను. సంతోషం పట్టలేకపోయిన మాట నిజమే.

అదే రోజు, సాయంత్రం 6

అద్దె నా జీతంలో సగం. ఈ ఊళ్ళో దీన్ని చవక అంటారట.

జూన్ 11, మంగళవారం

ఓనరమ్మను ఆ ఇంట్లోనే కలిశాను. రిటైరైన లెక్కల టీచరు. స్విచ్చుల మీది ప్లాస్టిక్ కాగితం కొద్దిగా లేచి ఉంటే గోటితో లాగబోయాను. చేతి మీద ఒకటి వేసినంత పని చేసింది.

ఎందరుంటారు, అంది. ఒక్కదాన్నే అన్నాను. మీవాళ్ళేరి? ఇదే ఊళ్ళో అక్కావాళ్ళున్నారన్నాను. పోట్లాడి వచ్చేస్తున్నావా, అంది. ఈవిడ కూడా.

అగ్రిమెంట్‌లో మా నాన్న హామీ సంతకం ఉండాలట. వాళ్ళబ్బాయి పెట్టిన రూలట.

నేను ఆవిడ కుడిపక్క నిలబడి మాట్లాడుతున్నాను. గ్యాసు ఎప్పుడిస్తారని అడిగితే, క్లాసులు మానేసి నాలుగేళ్ళయింది, అంది. ఎడమపక్కకు వెళ్ళి అడిగాను. వచ్చే నెల అంది. ఊరుకోవచ్చు కదా. అమ్మా, మా ఆసుపత్రికొచ్చి కుడి చెవి ఒకసారి టెస్ట్ చేయించుకోండి అన్నాను.

అంతసేపూ నన్ను నువ్వు అన్నది, ఒక్కసారిగా మీరు అనేసింది. మీరు వెళ్ళండి, మా అబ్బాయి ఫోన్ చేస్తాడు, అంది.

జూన్ 12

నోరు. నా నోరు.

జూన్ 16, ఆదివారం

ఫోన్ రాలేదు. ఇంకో పార్టీ చూసి వెళ్ళారని బ్రోకరు చెప్పాడు.

నాన్న మాత్రం వచ్చాడు, హామీ సంతకం సంగతి విని. నా మంచం మీద, అంటే సోఫా మీద, నాన్న, అక్క, బావ వరసగా కూర్చున్నారు. సంతకం పెడతాను, కాకపోతే బావ చెల్లెలు నీతో ఉంటుంది, పరీక్షలకు చదువుకుంటుంది, నీకూ తోడు, అన్నాడు నాన్న. ఆ పిల్ల మంచిదే. గదిలో టేబుల్ ఏ గోడకు వేసుకోవచ్చు వదినా, అని పొద్దున్నే ఫోన్ చేసి అడిగింది.

మరి హాల్లో ఎవరు పడుకుంటారన్నాను. అక్క కాఫీ పెడతానంటూ లేచింది.

ఆలోచించి చెబుతానన్నాను. ఇల్లే చెయ్యి జారిందని చెప్పలేదు. ఒక రెండు నిమిషాలు సరే అనేద్దామనుకున్నాను, అదీ రాయాలి.

జూన్ 19, బుధవారం, మధ్యాహ్నం 2

ఇవాళ పన్నెండో పేషెంటు ఓనరమ్మ.

నేరుగా బయటి చప్పుడు రాని టెస్ట్ బూత్‌లోకి వెళ్ళి కూర్చుంది. హెడ్‌ఫోన్స్ పెట్టి బటన్ చేతికిచ్చాను. బీప్ వినపడినప్పుడు నొక్కాలి. చాలామంది వినపడకపోయినా పరువు కోసం నొక్కుతారు. ఆవిడ అలా కాదు. వినపడితేనే నొక్కింది. కుడివైపు చాలాసేపు నొక్కలేదు. అద్దంలోంచి ఆవిడ బొటనవేలు చూస్తూ కూర్చున్నాను. బటన్ మీద సిద్ధంగా ఉంది. కదల్లేదు.

గ్రాఫ్ చూపించాను. లెక్కల మనిషి, నేను చెప్పేలోపే అర్థమైపోయింది. ఇంతలా పడిపోయిందా, అంది. చెవికి మెషీన్ పెట్టుకుంటే బాగా తేడా ఉంటుందని, మిగతాది డాక్టరుగారు చెబుతారని అన్నాను. మూడేళ్ళుగా మా కోడలికి నామీద అలక, పిలిస్తే పలకను, పొగరట, అంది. భోజనాలప్పుడు ఆ కోడలు కూర్చునేది ఈవిడ కుడిపక్కనట.

లేచి, ఇల్లెందుకు కావాలన్నావు, అని అడిగింది. మళ్ళీ నువ్వు. గది తలుపు వేసుకోవడానికి, అన్నాను ఎడమపక్కన నిలబడి. పోట్లాటేం లేదా? లేదు. అగ్రిమెంట్ మూడేళ్ళకు రాస్తే మీ నాన్న సంతకం అక్కర్లేదు, ఇల్లు నా పేరు మీదుంది, మావాడికి నేను చెప్పుకుంటాను, అంది. రేపటికల్లా చెప్పాలట. ఇంకో పార్టీ ఉన్న మాట నిజమేనట.

జూన్ 20, ఉదయం 7

మూడేళ్ళు. డిగ్రీ తప్ప నేను ఏదీ మూడేళ్ళు చేయలేదు.

ఉదయం 9

ఓనరమ్మకు సరేనన్నాను. ఆ తర్వాత నాన్నకు ఫోన్ చేశాను. సంతకం వద్దన్నాను. ఆ పిల్లను తీసుకెళ్ళనన్నాను. నాన్న చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నాను. అయినా వద్దన్నాను.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. నిజంగా నామీద కోపం లేదా, అంది. లేదే బాబూ అన్నాను. అయితే ఆ సోఫా తీసిపారేస్తానే, కూర్చుంటే నడుము పట్టేస్తోంది, నీకోసమని రెండేళ్ళుగా భరిస్తున్నా, అంది. ఇద్దరం నవ్వాం. బావ స్నానాలగదిలోంచి ఏమైందని అరిచాడు.

జూన్ 22, శనివారం

సంతకం చేశాను. బావ చెల్లెలు ఆదివారాలు రావచ్చన్నాను, సాయంత్రానికి వెళ్ళిపోవాలి. ఒక్కదాన్నే ఉంటాను.