కుండలో వేసిన జవాబులు

బాగలూరు,
18 నవంబరు 2024.

చిరంజీవి ప్రతిభకు,

అన్న శ్రీరంగప్ప దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ వదిన పాపక్క, షెడ్డులో గులాబీలు అందరం క్షేమం. నువ్వు క్షేమమని పేపర్లో చదివి తెలుసుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా చెల్లెలి క్షేమం పేపర్లో చదువుకునే అన్నను ఏమనాలో నువ్వే చెప్పు, మనసుల డాక్టరువి కదా.

పోయిన ఆదివారం కృష్ణగిరిలో నీకు చేసిన సన్మాన సభకు వచ్చాను. కంగారుపడకు, చివరి వరుసలో స్తంభం చాటున కూర్చున్నాను. తోడుకు మన లింగప్ప.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. నువ్వేం చేస్తున్నావని ఊళ్లో ఎవరడిగినా, పట్టుపురుగుల మీద పరిశోధన అని చెబుతూ వచ్చాను. మొగుడూ పెళ్లాల పడకింటి సంగతుల మీద అని చెప్పడానికి నోరు రాలేదు. ఇద్దరు రైతులైతే జబ్బు చేసిన పురుగుల్ని డబ్బాలో పెట్టుకొచ్చి నీ అడ్రసు అడిగారు.

సభలో నీ పని గురించి విన్నాను. ఊత్తంగరై మొదలుకొని ఇరవైరెండేళ్లలో మూడు వందల ఊళ్లు, పన్నెండు వేలమంది ఆడవాళ్లు. నోరు విప్పలేని వాళ్లకోసం నువ్వు కనిపెట్టిన పద్ధతి కూడా చెప్పారు. తెర వెనక కుండ. ప్రశ్న విని, అవునంటే అనపగింజ, కాదంటే ఉలవగింజ వేసి రావాలి. ఎవరు ఏది వేశారో నీకూ తెలియదు. 'కాపురంలో నీ ఇష్టమేమని మీ ఆయన ఎప్పుడైనా అడిగినాడా?' అన్న ప్రశ్నకు ఒక ఊళ్లో కుండ నిండా ఉలవలే వచ్చాయట, ఒక్కటంటే ఒక్కటే అనపగింజ.

లింగప్ప నా చెవిలో, "అన్నీ ఉలవలేనా! ఆ ఊరి మొగోళ్లకు ఏమి రోగమప్పా?" అన్నాడు. "మన ఊర్లో కుండ దించనీలేదు కదప్పా, అందుకే మనం ఆరోగ్యంగా ఉండాము" అన్నాను. వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు కుందారపల్లి నుంచి వచ్చిన ఆదిలక్ష్మమ్మ అనే పెద్దావిడ లేచి మైకు పట్టుకుంది. "ఆరుమంది బిడ్డల్ని కన్నాను. నీకేమి ఇష్టమమ్మా అని నన్ను అడిగింది ఈ తల్లి ఒక్కతే. ఆ పొద్దు ఇంటికి పోయి నన్ను కట్టుకున్న ఆయప్పకు చెప్పినాను. నువ్వు చెప్పలేదు కదే అన్నాడు. నువ్వు అడిగింటే కదా చెప్పేది అన్నాను. ఆ మీదట ఆయప్ప పదేండ్లు బతికినాడు. మా కాపురమంటే ఆ పదేండ్లే" అంది.

లింగప్ప భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏటా ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు బండి నిండా గులాబీలు బెంగళూరుకు పంపే మనిషిని నేను. ప్రేమ సంగతి నాకు బాగా తెలుసనే అనుకున్నాను. నా సైకిలు వెనక కూర్చుని, రాయి తగిలినప్పుడల్లా నన్ను తిడుతూ బడికి వచ్చిన పిల్లేనా ఇంతమంది గుండెల్లో మాట విన్నది అని నిన్నే చూస్తూ ఉండిపోయాను.

చివరిలో తెర మీద జిల్లా పటం చూపించారు. నువ్వు అడిగిన ఊళ్లన్నీ పచ్చ చుక్కలు. మన చుట్టుపక్కల అన్నీ చుక్కలే. మన ఊరు ఒక్కటే ఖాళీ.

ఆ ఖాళీ నేను చేసిందే. పద్దెనిమిదేళ్ల కింద ఆ రోజు నువ్వు ఆటోలోంచి కుండలు దించుతుంటే, ఆడవాళ్లంతా గింజలు చేతబట్టుకుని నిలబడి ఉంటే, నడివీధిలో నీకు అడ్డం వచ్చి, "ఇవి ఈడ దించితే నేను నీకు అన్నను కాదు" అన్నాను. నువ్వు కుండలు మళ్లీ ఎక్కించుకుని పోయావు. ఊరు ఏమనుకుంటుందోనని అట్లా అన్నానని అందరికీ చెప్పుకున్నాను.

వచ్చే ఏడాదికి నీ పని ముగిస్తావని విన్నాను. ముగించే ముందు మన ఊరికి రా. ఈసారి కుండలు నేనే దించుతాను. పట్టుపురుగుల అబద్ధం కూడా నేనే విప్పి చెప్పుకుంటాను.

నీ అన్న అనిపించుకోవాలని చూసే,
శ్రీరంగప్ప

తాజా కలం: ఊరికి భయపడ్డానన్నది కూడా అబద్ధమే అమ్మా. ఆ రోజు వరుసలో అందరికంటే ముందు నిలబడింది మీ వదిన. ఆమె జవాబేమిటో నాకు తెలుసు. దానికి భయపడే నిన్ను వెళ్లగొట్టాను. ఇందాక ధైర్యం చేసి, ముప్పై ఒక్కేళ్లకు మొదటిసారి, నీ ఇష్టమేమని ఆమెను అడిగాను. పూలు కట్టలు కడుతున్న చేయి ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "నీ చెల్లెల్ని రానీ. ఆయమ్మకే చెప్తాను" అంది.