పండుటాకులు గిల్లిన పాపం

చెల్లీ,

నీ ఉద్యోగం ఏమైందని అడిగావు. పోయింది. ఎందుకు పోయిందో అక్కగా నేనే చెప్పాలి కదా.

మన ల్యాబులో ఉప్పునీళ్లు పోసి పెంచే టమాటా మొక్కలున్నాయి చూడు. వేరుకి ఉప్పు తగిలిన క్షణాల్లోనే అక్కడి కణాలు పసిగట్టి మొక్కంతటికీ కబురు పంపుతాయి. చేతనైనంత ఉప్పుని బయటికి గెంటుతాయి. గెంటలేనిదాన్ని మొక్క ముసలి ఆకుల్లోకి తోసేస్తుంది. అవి పండి రాలిపోతాయి, చిగురు బతుకుతుంది. ఆ పండుటాకుల్లో ఎంత ఉప్పు చేరిందో కొలవడానికే మూడు నెలలు కష్టపడ్డాం. నువ్వేమో అన్నిటినీ శుభ్రంగా గిల్లి చెత్తబుట్టలో పడేశావు.

"ఎవరి పని ఇది?" అని పెద్దసారు అరిచారు. ఆయన మాట పూర్తయ్యేలోపే నీ పేరు చెప్పాను.

నిజమే, ల్యాబు చూడ్డానికి ఎవరో వస్తున్నారని, "ఆ పండుటాకులన్నీ ఏరిపారెయ్యవే" అని ముందురోజు నీతో అన్నది నేనే. "అన్ని ట్రేలవీనా అక్కా?" అని నువ్వు రెండుసార్లు అడిగావు కూడా. ఫోన్లో మాట్లాడుతూ తలూపాను.

సారు ముందు అదంతా ఎందుకు? ఇద్దరం పోయే బదులు ఒకరు పోతే చాలదూ? నాది పదిహేనేళ్ల సర్వీసు, నీది ఆరు వారాలు.

సారు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్తానని అమ్మతో అన్నావట. వెళ్లకు. ఇక్కడ డ్రైవరు పనికి మీ ఆయన పెట్టిన అప్లికేషన్ నా బల్ల మీదే ఉంది. ఆరు వారాలు ఆ మొక్కలకి నీళ్లు పోశావు, ఇంతైనా నేర్చుకోలేదా? రాలిన ఆకు మొక్క మీద ఫిర్యాదు చెయ్యదు.

చల్లగా ఉండు.

అక్క