గౌరయ్య అప్పీలు, నా వేలు

సూర్యాపేట, 1949 ఫిబ్రవరి 7

నా పేరు దుర్గమ్మ. ఏండ్లు అరవై దాటినయ్, ఎంత దాటినయో ఎరుక లేదు. ఇంట్ల నేను, నా బిడ్డ బిడ్డ లచ్చి, ఒక బర్రె. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మిషన్ బడి అబ్రహాం సారు రాస్తుండు. ఒక్క మాట మార్చినా ఊకోనని ముందే చెప్పిన.

నా బిడ్డ నాంచారమ్మను బాయిల నూకినందుకు అల్లుడు గౌరయ్యకు పోయిన నెల యావజ్జీవం పడ్డది. ఇయ్యాల మిర్యాలగూడ నుంచి వాని అక్క రంగనాయకమ్మ అప్పీలు కాయితం తెచ్చింది. దాని మీద నేను వేలెయ్యాల్నట! సచ్చినదాని తల్లే వేలేస్తే జడ్జి నమ్ముతడు, అత్తా, కాదనకు అన్నది. శనివారం మళ్ల వస్తనని కాయితం ఈడనే పెట్టి పోయింది.

వాడు బయటికొస్తే లచ్చిని తీస్కపోతడు. ఆ బాయి ఇంకా గాడనే ఉన్నది.

ఫిబ్రవరి 8

సారు అప్పీలు చదివి వినిపిచ్చిండు.

నలభై మంది పెద్దమనుషులు గౌరయ్య మంచోడని వేళ్లేసిన్రట. ఆ పొద్దు బాయి కాడ వాళ్లల్ల ఒక్కడన్న ఉన్నడా?

చూసింది మంగ్లీ. తండా నుంచి కట్టెల మోపుతోటి వస్తూ, వాడు నూకంగ చూసింది. మంగ్లీ కల్లు తాగుతదని రాసిన్రు. తాగుతది. నేను గూడ తాగుత. తాగేటోళ్ల కండ్లకు బాయి కానరాదా?

ఆరేండ్ల కాపురంల ఎన్నడూ చెయ్యెత్తలేదట. అందుకని ఆనాడు ఎత్తలేదా? పసిపిల్ల తండ్రి లేనిదైతదట. తల్లి లేనిదెట్లయ్యిందో మరి, అది రాయలే.

ఇన్ని మాటలల్ల బాయి మాట ఒక్కటే, నీళ్లు చేదబోయి కాలు జారిందని. భాష మాత్రం బాగుందవ్వా అన్నడు సారు. నీ భాష పాడుగాను అన్న. అది గూడ రాయమన్న. రాసిండు.

ఫిబ్రవరి 9

కోదాడల ఉన్న నా సొంత తమ్ముడు వెంకటయ్య వేలు గూడ అండ్ల ఉన్నది.

ఫిబ్రవరి 11

ఈ పుట సారు భార్య ఎస్తేరు రాస్తున్నది. ఇది అదాలత్‌కు ఇస్తనని ఆడోళ్ల ముట్టు సంగతి చెప్పంగనే సారు కలం ఆపిండు. ఇసోంటియి అదాలత్ కాయితంల రాస్తరా అవ్వా అని నేల చూసిండు, చెవులు ఎర్రగైనయ్. గౌరయ్య సిగ్గు లేకుంట రాపిచ్చుకున్నడు, నీకేందయ్యా అని అరిసిన. బియ్యం చెరుగుతున్న ఎస్తేరు చాట పక్కకు పెట్టి, జరుగున్రి జర, అని కలం గుంజుకున్నది.

మొన్న సారు సిగ్గుపడి చదవకుంట దాటేసిన అప్పీలు ఆఖరి పుటల గౌరయ్య మాటలు ఇయి. నా భార్య ఆచారం తప్పని మనిషి, నెలనెలా బయట కూసునే మూడు దినాలు బాయి గిలక గూడ ముట్టకపోయేది, నేనే నీళ్లు తోడి పెట్టేటోణ్ణి, గిట్ల సూసుకున్న భార్యను చంపుతనా అని.

మళ్ల చదవమన్న.

బిడ్డ సచ్చిన ముందటి మాపు బువ్వ తీస్కపోయింది నేనే. నాంచారమ్మ కొట్టంల బయట కూసున్నది. రెండో దినం. అమ్మా, గిన్నె గాడనే పెట్టు, నన్ను ముట్టకు అన్నది. గిలకే ముట్టనిది తెల్లారి బిందె పట్టుకొని నీళ్లకెట్ల పోతది? వాడే గుంజుకపోయిండు. తల్లినే ముట్టొద్దన్నదాన్ని గుంజుకపోయిండు.

అదాలత్‌ల ఇది ఎవ్వరడగలే. అంతమంది మొగోళ్ల ముందట నా నోట రాలే. ఇప్పుడొస్తది. సోమవారం ఈ కాయితం సర్కారు వకీలు చేతుల పెడుత.

ఫిబ్రవరి 12

రంగనాయకమ్మ సిరా డబ్బ పట్టుకొని వచ్చింది. అత్తా, వేలియ్యి అన్నది.

ఆమె సిరాలనే ముంచిన. ఒత్తింది ఈ కాయితం మీద.

దుర్గమ్మ, ఎడమ బొటనవేలు.

సాక్షులు:
ఎస్తేరు, సంతకం.
మంగ్లీ, వేలిముద్ర.
అబ్రహాం, సంతకం. వాకిట్ల నిలబడి.