చీర చాటున కొత్త చేప

అత్తమ్మా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. కానీ ఈ సంగతి నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

తుర్కపల్లి ల్యాబులో డ్యూటీ ముగించుకుని వస్తూ నీ కొడుకు ఒక సముద్రపు చేపను కొనుక్కొచ్చాడు. నారింజ రంగు, ఒంటి మీద తెల్ల చారలు. ఉప్పునీళ్ల తొట్టి నెల ముందే సిద్ధం చేశాడు. ఆ నీళ్లను చుక్కచుక్కగా చేప ఉన్న కవర్లోకి వదిలి, అలవాటయ్యాకే దాన్ని తొట్టిలోకి దింపాడు. అయినా అది రాయి వెనక నక్కి మూడు రోజులు ఏమీ తినలేదు. దాన్ని చూడ్డానికి గౌడవెల్లి ఊరు సగం మన హాల్లోనే ఉంది మరి!

"ఏం ముడ్తలేదు, మస్తు పరేషాన్ అయితాంది," అంటూ నీ కొడుకు అద్దానికి ముఖం ఆనించి కూర్చున్నాడు.

నా పెళ్లైన కొత్తరోజులు గుర్తొచ్చాయి. చుట్టాలంతా నన్నే చూస్తుంటే ముద్ద మింగలేకపోయాను. నువ్వు నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, గుమ్మానికి నీ చీర కట్టి, అందరినీ తరిమి, నువ్వూ బయటికెళ్లావు.

నీ గళ్ల చీర తీసి తొట్టికి కప్పాను. తొట్టిలో లైటు ఆర్పేశాను. ఆనాటి నీ మాటే అన్నాను: "గట్ల మీద పడి సూస్తే ముద్ద ఎట్ల దిగుతది? బయటికి నడువుండ్రి!"

రొయ్య తునకలు వేసి, కాసేపాగి చీర అంచు జరిపి తొంగిచూశాను. తింటోంది అత్తమ్మా, గబగబా తింటోంది!

ఆనాడు నా కంచం ఖాళీ కాగానే ఇంకో గరిటె కూరతో నువ్వెలా వచ్చావో ఇన్నేళ్లూ నాకు అర్థం కాలేదు. ఇవాళ దొరికిపోయావు.

నీ కోడలు