వెనక చక్రం కింద రాయి

జనవరి 19, ఆదివారం

మా ఆయన నాగేశ్ గుట్ట మీద బండి కింద పడ్డాడు. నాగర్‌కర్నూల్ దవాఖానలో చూడగానే హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. అంబులెన్సులో కూర్చుని రాస్తున్నాను. చేతులు ఊరికే ఉండడం లేదు.

జనవరి 21

ఐసీయూ బయట. లోపలికి పోనివ్వరు.

ఏం జరిగిందో మా అడ్వెంచర్ పార్కు మేనేజర్ శివకుమార్ సార్ చెప్పాడు. కస్టమర్ అమ్మాయి నడిపే నాలుగు చక్రాల ఏటీవీ బండి పెద్ద ఎత్తు మధ్యలో ఆగి వెనక్కి జారిందట. నాగేశ్ ఉరికి వెనక చక్రం కింద రాయి పెట్టబోయాడట. బండి తిరగబడి నడుము మీద పడింది.

నేను నమ్మలేదు. పార్కు కిచెన్‌లో ఉల్లిగడ్డలు కోస్తూ నాగేశ్ కస్టమర్లకు చెప్పే పాఠం రోజూ వింటాను, నాకు నోటికి వచ్చు. ఎక్కేటప్పుడు ముందుకు వంగండి. దిగేటప్పుడు వెనక్కి జరిగి కూర్చోండి, లో గేరే, న్యూట్రల్ వద్దు. ఎత్తు మీద అడ్డంగా తిప్పకండి. ఆగిపోతే బ్రేకు పట్టి పైవైపుకు దిగండి. జారితే వదిలేయండి, బండికి కింది వైపు ఎవరూ నిలబడొద్దు. చివర ఒక నవ్వు నవ్వి అనేవాడు: "బండి పోతే ఇంకోటి వస్తది సార్, నడుము పోతే రాదు."

గైడు అట, గైడు.

జనవరి 24

స్పైన్. పెద్ద డాక్టరు పక్కనున్న చిన్న డాక్టరుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మాతో మాత్రం చూద్దాం అన్నాడు. నాకు ఆ చూద్దాం అర్థమైంది. మా అత్త రూతమ్మకు కాలేదు. కాళ్లు ఎప్పటికల్లా వస్తాయని నర్సును అడుగుతోంది.

ఫిబ్రవరి 9

గుట్ట కింద పార్కు వాళ్లు ఇచ్చిన మా రూముకి వచ్చేశాం. ట్యూబు మార్చడం, పక్కకు తిప్పడం, వీపు తుడవడం. ఆయన ఒళ్లంతా బరువు, కాళ్లు మాత్రం ఆయనవి కావన్నట్టు పడి ఉంటాయి.

చర్చి వాళ్లందరూ వచ్చి ప్రార్థన చేశారు. నా మొగుడు ఒక ఆడపిల్ల ప్రాణం కాపాడిండని, దేవుడు ఊరికే పోనీయడని పాస్టరు చెప్పాడు. నేను ఆ మాటనే పట్టుకున్నాను. ఆయన్ని తిప్పిన ప్రతిసారీ అనుకుంటాను, ఆ పిల్ల ఎక్కడో కాలేజీకి నడిచి పోతూ ఉంటుందని. అట్లా అనుకుంటేనే అన్నం లోపలికి పోతోంది.

ఫిబ్రవరి 22

ఆ అమ్మాయి స్నేహితురాలి హెల్మెట్ కెమెరాలో అంతా పడిందట. శివకుమార్ సార్ ఫోన్‌లో చూపించాడు. చూడకపోయినా బాగుండేది.

బండి మీద ఎవరూ లేరు. ఆ పిల్ల అప్పటికే పైవైపుకు దిగి, చక్కగా పక్కన నిలబడి ఉంది. అచ్చం నాగేశ్ చెప్పినట్టే. ఆయన ఖాళీ బండికి అడ్డం ఉరికాడు, రెండు చేతుల్లో రాయి పట్టుకుని.

రూముకి వచ్చి అడిగాను. గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. మీసాలు రాకముందు నుంచి కంకర లారీల మీద క్లీనర్‌గా చేసిన మనిషి. ఎత్తు మీద లారీ ఆగితే దుంకి, వెనక చక్రానికి రాయి పెట్టాలి. ఆలస్యమైతే డ్రైవర్ చెంప పగలగొట్టేవాడట. గోడ వైపే చూస్తూ అన్నాడు: "నాకు తెల్వకుండనే చెయ్యి పోయింది సరితా."

ఫిబ్రవరి 23

ఖాళీ బండి.

మార్చి 6

లేడీ గైడు కావాలట, నేర్చుకుంటావా అని శివకుమార్ సార్ అడిగాడు. రూము ఉంటుంది అన్నాడు. కాదంటే ఈ మంచాన్ని ఎక్కడికి మోసుకుపోను? సరే అన్నాను. ఒకడు పడ్డది చాలదా అని అత్త తల బాదుకుంది.

నాగేశ్ మంచం మీద నుంచే నేర్పుతున్నాడు. బండి సీటు అనుకోమని నన్ను దిండు మీద కూర్చోబెట్టి, ఇంకా ముందుకు వంగు అంటాడు. కింది నుంచే స్పీడు పట్టు, సగంలోకి వచ్చి రేజ్ చేయకు అంటాడు. పాఠం చెప్పేటప్పుడు ఆయన మొహంలోకి కళ వస్తుంది. కొట్టబుద్ధి అవుతుంది నాకు. ఇన్ని తెలిసి, నీకేం పుట్టిందయ్యా ఆరోజు.

మార్చి 30, ఉగాది

రష్. ఆ ఎత్తు మీదే ఒకతని బండి ఆగింది. పైవైపుకు దిగమని అరిచాను, దిగాడు. బ్రేకు సరిగ్గా పట్టలేదు. బండి జారడం మొదలైంది.

నా కాలి పక్కనే ఒక రాయి ఉంది. చక్రానికి సరిపోయేదే. చూశాను దాన్ని.

పక్కకు జరిగాను. బండి నన్ను దాటిపోయి, పల్టీలు కొట్టి, హ్యాండిల్ విరిగి బండల్లో పడింది. కస్టమర్లు చప్పట్లు కొట్టారు. శివకుమార్ సార్ శభాష్ అన్నాడు. షెడ్డు వెనక్కి పోయి కూర్చున్నాను. ఇంత సులువా పక్కకు జరగడం. దీనికేనా ఆయన రెండు కాళ్లు పోయింది. దేవుడా, ఇంత సులువుదానికి.

మార్చి 31

పొద్దున గడ్డం గీస్తూ నాగేశ్‌కు చెప్పాను. అంతా విన్నాడు.

"దగ్గర్ల రాయి లేకుండెనా?" అన్నాడు.

లేదన్నాను.